బర్రెకు నెమరు ముద్ద, పిన్నికి పథ్యం

చీరాల వెళ్ళొచ్చానని తెలియగానే మా విజయనగరం వీధిలో ఆడవాళ్ళంతా చీరలు చూద్దామని వచ్చారు. చీరలు లేవు, కనీసం ఒక తువ్వాలు కూడా తేలేదు. మరేం తెచ్చావని ఎదురింటావిడ అడిగితే కోపం తెచ్చానన్నాను. నేను హాస్యమాడుతున్నాననుకుని ఆవిడ నవ్వింది. ఆడపిల్లల బళ్ళో ఏళ్ళ తరబడి సైన్సు చెప్పి గొంతు పెంచుకున్నదాన్ని కాబట్టి, నా కోపం చాలామందికి హాస్యంలాగే వినబడుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. గుంటూరు, ప్రకాశం జిల్లాలు చూడనివాళ్ళు దీన్ని సరదాకి చదువుకోవచ్చు. ఇంట్లో ముసలివాళ్ళున్నవాళ్ళు మాత్రం జాగ్రత్తగా చదవాలి.

మా అమ్మ పుట్టిల్లు చీరాల. అమ్మ చెల్లెలు వీరరాఘవమ్మ పిన్ని పెళ్ళయినా ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. పుట్టింట్లో నేసింది, అత్తింట్లోనూ నేసింది. గుంట మగ్గమంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను: నేలలో గుంట తీసి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దింపి చెక్కలు తొక్కుతూ నేస్తారు. రోజంతా తొక్కి తొక్కి మా పిన్ని పిక్కలు రోకళ్ళలా ఉండేవి. చిన్నప్పుడు మేం వాటిని గిల్లబోతే వేలికి చర్మం దొరికేది కాదు.

రెండు వేల ఏడులో, వానాకాలంలో పిన్నికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గాక కొన్నాళ్ళు మగ్గం దగ్గర కూర్చుంది కానీ, ఆ తర్వాత మంచమెక్కిన పిన్ని మళ్ళీ దిగలేదు. వాళ్ళబ్బాయి శేషు ఫోన్లో ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు. "కాళ్ళు పుల్లలైపోయినయ్యక్కా. తిన్నది ఒంటబట్టట్లా." చలి వెళ్ళిపోతున్న రోజుల్లో పిన్ని కూతురు సుభద్ర మంగళగిరి నుంచి ఫోన్ చేసి ఇంకో మాట చెప్పింది. అమ్మ ఇక నెయ్యలేదు కాబట్టి వచ్చే సోమవారం మగ్గం విప్పేసి గుంట పూడుస్తారట, ఇసక కూడా తోలించారట.

గుంట పూడిస్తే పిన్ని మళ్ళీ లేవదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేనొచ్చేదాకా పార ముట్టుకుంటే ఊరుకోనని శేషుకి చెప్పి బయల్దేరాను.

మంగళగిరి

విజయవాడలో బస్సు మారి మంగళగిరిలో దిగాను. సుభద్ర భర్త కూడా నేతపనివాడే. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన మగ్గం మీదున్నాడు. తలెత్తలేదు, పలకరించలేదు. పోగు తీసుకుని నాడె అటూ ఇటూ పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"కూర్చో అక్కా. ఆయన గుంటలో ఉన్నాడు, ఇప్పుడు పలకడు. ఏమీ అనుకోబాక" అంది సుభద్ర.

మా వైపు చుట్టం గుమ్మమెక్కితే అన్నం ముందు కూర్చున్నవాడు కూడా లేచి కాళ్ళకి నీళ్ళిస్తాడు. వీళ్ళ ఇళ్ళలో లెక్క వేరు. గుంటలో దిగిన మనిషిని పిలవకూడదు. పిలిస్తే చూపు మళ్ళుతుంది, చూపు మళ్ళితే పోగు తెగుతుంది. దేవుడొచ్చినా సరే, నేస్తున్న చీర అంచు దగ్గర ఆగేదాకా అరుగు మీద కూర్చోవలసిందే. ఆ అంచేదో వచ్చాక ఆయన లేచి కాళ్ళు దులుపుకుని, "బాగున్నారా వదినగారూ, ప్రయాణం ఎట్టా జరిగింది?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. నాకు ఆ పద్ధతి నచ్చింది. ఈ యాత్ర మొత్తంలో నాకు నచ్చినవి కొన్నే, కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

భోజనాల దగ్గర పిన్ని ఏం తింటోందని అడిగాను.

"పథ్యమే గదక్కా. చారన్నం, బీరకాయ. సాయంత్రం రెండు బ్రెడ్డు ముక్కలు."

"పప్పు?"

"పప్పు తింటే చీము పట్టుద్దంట. పెరుగు చలవ. గుడ్డు వేడి."

"జ్వరమొచ్చింది వానాకాలంలో కదే. ఇప్పుడు మిరపకాయలు ఎండుతున్నాయి."

సుభద్ర నా వంక చాలా అమాయకంగా చూసింది. "పథ్యం పెట్టినాయన ఎత్తెయ్యమని చెప్పాల గదక్కా. చెప్పలేదు మరి."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. జ్వరం చూసిన ఆర్.ఎం.పి. డాక్టరు పథ్యం చెయ్యమన్నాడు. ఎన్నాళ్ళో చెప్పలేదు. పెట్టినవాళ్ళే ఎత్తాలన్నది వీళ్ళ నియమం. ఆయన మర్చిపోయాడు, వీళ్ళు అడగలేదు. అరవై దాటిన మనిషి నెలల తరబడి పప్పు లేకుండా, గుడ్డు లేకుండా, చెంచాడు పెరుగు లేకుండా చారు నీళ్ళ మీద బతుకుతోంది. అందరూ కలిసి "బుద్ధిగా పథ్యం చేస్తోంది" అని ఆవిడని మెచ్చుకుంటున్నారు. లంఖణం పరమౌషధం అన్న పెద్దమనిషెవరో నాకు ఎదురుపడితే బాగుండుననిపించింది.

సాయంత్రం సుభద్ర నన్ను కొండ మీదికి తీసుకెళ్ళింది. ఇక్కడి నరసింహస్వామికి బెల్లం పానకమే నైవేద్యం. పూజారి శంఖంతో స్వామి నోట్లో పోస్తుంటే గుటకలు వేసిన చప్పుడు వినబడుతుందంటారు. నాకూ వినబడింది. సైన్సు టీచరుగా దాని గురించి ఏమీ అనను. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. స్వామి తనకి చాలినంత తాగి, మిగతాది భక్తులకి వదిలేస్తాడట. అంటే ఈ ఊళ్ళో దేవుడికి ఎంత చాలో దేవుడే చెబుతాడు. మా పిన్నికి ఎంత చాలో మాత్రం ఊరంతా చెబుతుంది. అదే సుభద్రతో అంటే, "గుళ్ళో అట్టా మాట్లాడకూడదక్కా" అని చెంపలేసుకుంది. పానకం చాలా బాగుంది. మిరియాలు కొంచెం ఎక్కువ పడ్డాయి.

గుంటూరు

గుంటూరు బస్టాండులో దిగగానే తుమ్ములు పట్టుకున్నాయి. మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీస్తోంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే ఆటో అబ్బాయి నవ్వాడు. "కొత్తా అండీ? ఈ ఘాటు లేకపోతే మాకు ఊపిరాడదు" అన్నాడు. యార్డు బయట లారీల మీద టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మా వైపు ఆడవాళ్ళు పచ్చళ్ళకి కొనే కాయని ఇక్కడ కొండల్లా పోస్తారు. అందులో నడిచే కూలీల కళ్ళు మాత్రం కాయల కంటే ఎర్రగా ఉన్నాయి.

ఒక మెస్సులో భోజనం చేశాను. పాతిక రూపాయలకి కడుపునిండా పెడతారు. గోంగూర, పండుమిరప పచ్చడి, కందిపొడి, నెయ్యి. వడ్డించే ఆయన నా కంటి నీళ్ళు చూసి, "పెరుగేసుకోండమ్మా, మంట తగ్గుద్ది" అని గరిటెలు గరిటెలు పోశాడు. ఎవరో తెలియని దారిన పోయేదానికి ఇంత పెరుగు పోసే ఊరిది. ఇక్కడికి ఒక పూట ప్రయాణం దూరంలో కన్నకొడుకు ఇంట్లో మా పిన్నికి పెరుగు నిషిద్ధం. నాకు ఆ గోంగూర కంటే ఈ ఆలోచనే ఎక్కువ మండింది.

మంటకి బిళ్ళ కొనుక్కుందామని మందుల షాపుకి వెళ్ళాను. నా ముందు ఒకాయన జ్వరమన్నాడు. షాపతను అట్టలోంచి కత్తెరతో నాలుగు బిళ్ళలు కత్తిరించి, కాగితంలో చుట్టి ఇచ్చేశాడు. ఏం జ్వరమని అడగలేదు. పక్కనే ఒక కూలి ఆవిడ, కోతకి పోయే ముందు బలానికి ఒక బాటిలు ఎక్కించుకుంటానని గర్వంగా చెబుతోంది. బాటిలంటే సెలైన్. అందులో ఉండేది ఉప్పు నీళ్ళు. దాన్ని ఈ జిల్లాల్లో 'బలానికి' అంటారు. బలమనే మాటకి ఇంతకంటే అవమానం ఎక్కడా జరిగి ఉండదు.

పిన్నికి కొని పంపడానికని సుభద్ర దాచుకున్న మందు అట్ట నా దగ్గరుంది, అది చూపించాను.

"ఇది పెద్ద మందమ్మా. యాంటీబయాటిక్కు. ఎవరికి?" అన్నాడు షాపతను.

"పెద్దావిడకి. జ్వరమప్పుడు మొదలుపెట్టారు. ఒళ్ళు వెచ్చగా అనిపించినప్పుడల్లా మళ్ళీ వాడుతున్నారు."

"మోషన్లు పట్టుకుంటయ్యే."

"ఆ మాట కొనేవాళ్ళకి చెప్పరా?"

"ఎవురడిగారమ్మా?" అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అన్నాడు. అరుద్దామని నోరు తెరిచాను గానీ తుమ్ము వచ్చింది. నా కోపానికి ఆ ఊరి గాలి అడ్డం పడిన ఒకే ఒక్కసారి అది.

చిలకలూరిపేటకి ఇవతల

మర్నాడు బస్సు చిలకలూరిపేట చేరకముందే టైరు పేలింది. రోడ్డుకి రెండు వైపులా పత్తి మిల్లులు. ముళ్ళకంపలకి, తీగలకి, చివరికి కరెంటు స్తంభాలకి కూడా దూది పట్టుకుని ఉంది. డ్రైవరు గంట పడుతుందన్నాడు. గంటంటే ఎంతో తెలిసినదాన్ని కనుక మంచినీళ్ళ కోసం రోడ్డు పక్కనున్న ఇంటికి వెళ్ళాను.

ఆ ఇంటి కొట్టంలో గందరగోళంగా ఉంది. ఒక బక్క బర్రె తల వేలాడేసి నిలబడింది. పక్కన ఇంకో బర్రె తాపీగా నెమరేస్తోంది. ఇంటాయన పేరు బ్రహ్మయ్య. ఆయన రెండో బర్రె దవడ పట్టుకుని ఉంటే, ప్యాంటు మడిచిన ఒక పశువుల డాక్టరు దాని నోట్లోకి చెయ్యి పెట్టి, అది నములుతున్న ముద్దని బయటికి లాగాడు. ఆ బర్రె మొహం చూడాలి. పెళ్ళిపందిట్లో విస్తరి లాగేసినట్టు నిర్ఘాంతపోయింది.

"ఒరేయ్ బ్రమ్మయ్యా, గట్టిగా పట్టుకోరా, నా బర్రె ఆయన చెయ్యి కొరికిద్ది" అని కొట్టం బయటి నుంచి అరుస్తున్నాడు పక్కింటాయన. అది ఆయన బర్రె.

"నీ బర్రెకి నీకున్నంత నోరు లేదు గానీ, మూసుకోరా" అన్నాడు బ్రహ్మయ్య.

డాక్టరు ఆ ముద్దని బక్క బర్రె నోట్లో లోపలికి కుక్కి, మూతి పైకెత్తి మింగించాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. కానీ సైన్సు టీచర్ని, అడక్కుండా ఉండలేను.

"పొదుగు వాపొస్తే ఇంజెక్షన్లు పొడిపించానండి. వాపు తగ్గింది గానీ మేత మానేసింది. కాస్తో కూస్తో తిన్నది ఒంటబట్టట్లా. చూడండి, తొడలెట్టా జారిపోయినయ్యో" అన్నాడు బ్రహ్మయ్య.

శేషు ఫోన్లో చెప్పిన మాట. అదే మాట, ఒక్క అక్షరం తేడా లేదు.

డాక్టరు చెయ్యి కడుక్కుంటూ విడమరిచి చెప్పాడు. పశువు పొట్టలో కంటికి కనబడని జీవులు కోట్లుంటాయి. మేతని అరిగించి ఒంటికి పట్టేలా చేసేవి అవే. "వాపు తెచ్చే వాటిని చంపడానికి మందిచ్చాం. అది వీటినీ చంపింది. మందుకి మంచీ చెడ్డా తెలియదు గదండీ. ఇప్పుడు బాగున్న బర్రె ముద్ద ఇచ్చామంటే ఆ జీవుల్ని నారు పోసినట్టు. బతికితే మేత ముడుతుంది, కండ నిలుస్తుంది."

"మనుషులకీ అంతేనా?"

ఆయన నవ్వాడు. "మనుషుల పేగుల్లోనూ ఉంటాయి. వాటికీ కండకీ లంకె ఉండొచ్చని ఇప్పుడిప్పుడే అనుకుంటున్నారు, ఇంకా ఏదీ తేలలేదు. నేను పశువుల డాక్టర్నండి. మనుషుల గురించి చెబితే బొక్కలో వేస్తారు."

అక్కడే కొట్టంలో నిలబడి పిన్ని సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. బహుశా వినేవాళ్ళు దొరికారని. డాక్టరు మొహంలో నవ్వు పోయింది. "వయసుతో కండ తరగడం ఉన్నదేనమ్మా. కానీ తరగడం వేరు, తరిమెయ్యడం వేరు. ముందు మంచి మనుషుల డాక్టరుకి చూపించండి" అన్నాడు.

బర్రె రెండు రోజులు మేత ముట్టకపోతే బ్రహ్మయ్య డాక్టర్ని పిలిచాడు, పక్కింటి బర్రె నోట్లో ముద్ద అప్పు తెచ్చాడు. పాలు పోతాయి కాబట్టి పిలిచాడని అనొచ్చు, అనండి. పిన్ని నెలల తరబడి తినకపోతే ఎవరినీ పిలవలేదు. ముసలివాళ్ళు తినకపోతే అది రోగం కాదు, బుద్ధి. ఎక్కువ తింటే మాత్రం తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అంటారు. బర్రెకున్నపాటి గతి పిన్నికి లేదని అక్కడ నాకు ఏడుపొచ్చినంత పని అయింది. కానీ రాలేదు, మంటే వచ్చింది.

బ్రహ్మయ్య భార్య నాకు మజ్జిగ ఇచ్చింది. వెళ్ళేటప్పుడు చిన్న స్టీలు డబ్బాలో గడ్డపెరుగు పెట్టిచ్చింది. "దీపాలు పెట్టాక అయితే ఇచ్చేదాన్ని కాదు. అయినా చీరాల్లో పెరుగు దొరకదా అమ్మా?" అంది.

దొరుకుతుంది. ఏ ఊరి పెరుగైనా పెరుగే. కానీ ఆ ఇంటి పెరుగే పిన్నికి పెట్టాలని నాకు పంతం పట్టింది. పంతానికి సైన్సుతో పని లేదు.

చీరాల

చీరాల బస్సులో ఆ డబ్బా మూత ఊడి, సగం పెరుగు పక్క సీటాయన చెప్పుల మీద ఒలికింది. బట్టల మూటతో ఉన్న పెద్దమనిషి. తిడతాడనుకున్నాను. "పెరుగు శుభమేలెండి. ఇవ్వాళ నా సరుకు పోద్ది" అని తువ్వాలుతో తుడుచుకున్నాడు. మిగిలిన సగాన్ని రెండు చేతులతో పట్టుకుని దిగాను.

ఇంటి ముందు ఇసక కుప్ప ఉంది. దాని మీద కుక్క పడుకుంది. శేషు భార్య కుమారి ఎదురొచ్చి, "రండి వదినా" అని సంచి అందుకుంది. పిన్ని మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. దుప్పటి తీసి కాళ్ళు చూశాను. పిక్కలుండాల్సిన చోట చర్మం సంచీలా వేలాడుతోంది. వేళ్ళతో పట్టుకుంటే ఇప్పుడు అంతా చర్మమే దొరికింది.

"ఏమే రాజ్యం, అట్టా చూస్తావేంది? ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది. మామూలేగా" అంది పిన్ని.

"కాడు నిన్ను రమ్మనలేదు. పథ్యం రమ్మంటోంది" అన్నాను.

అదే సమయానికి ఆర్.ఎం.పి. డాక్టరు మోటారు సైకిలు దిగాడు. చేతిలో బలానికి బాటిలుంది. నా చేతిలో పెరుగు డబ్బా ఉంది. ఆయన దాన్నే చూశాడు.

"పెరుగు పెట్టమని ఎవరు చెప్పారమ్మా?"

"మానమని ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పా. పథ్యం."

"ఎప్పుడు ఎత్తెయ్యమన్నారు?"

ఆయన తడుముకున్నాడు. "వారమో పది రోజులో చేస్తారు గదమ్మా ఎవరైనా. ఇంకా చేస్తున్నారా ఏంది?"

కుమారి మొహం పాలిపోయింది. "మీరు వారమని చెప్పలేదండి. పథ్యం అని ఊరుకున్నారు. మీరు ఎత్తలేదని నేను ఎత్తలేదు" అంది. ఆ పిల్ల అన్నాళ్ళూ అత్తకి విడిగా వండింది. నూనె చుక్క ఎక్కువ పడకుండా, పప్పు బద్ద కలవకుండా, వేరే గిన్నెల్లో, ఎంత నిష్ఠగా చేసిందో. ఆ నిష్ఠే పిన్నిని తినేసింది. కుమారిని తిడదామన్నా నాకు నోరు రాలేదు. అందుకని ఆమె వాటా కూడా కలిపి ఆయన్నే తిట్టాను.

ఆయన బాటిలు సంచిలో పెట్టుకుని, "ఈ వయసులో ఇంక కాళ్ళతో ఏం చేస్తారమ్మా ఆవిడ? కూర్చోబెట్టి నాలుగు మెతుకులు పెట్టండి" అన్నాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అని సామెత. ఇక్కడ వైద్యుడు ఏం చెప్పాడో వైద్యుడికే గుర్తు లేదు, రోగి ఏం కోరిందో ఎవరూ అడగలేదు. నేను అడుగుదామనుకున్నాను.

ఇసక

పొద్దున కుమారి నీళ్ళకి వెళ్ళినప్పుడు పిన్ని పక్కన కూర్చుని చెంచాతో పెరుగు నోటి దగ్గర పెట్టాను. పిన్ని పెదాలు బిగించింది.

"డాక్టరు పథ్యం ఎత్తేశాడుగా పిన్నీ."

"వాడెత్తేదేంది, వాడు పెట్టిందేంది" అంది. చెంచా పక్కకి నెట్టింది. మగ్గం వంక చూస్తూ మెల్లగా చెప్పింది. "ఆ బిళ్ళలు మింగినప్పటి నుంచీ కడుపు నా మాట వినట్లేదే. ఒకరోజు గుంటలో ఉండగానే అయిపోయింది. లేవబోయా, కాళ్ళు లేవలా. మగ్గం మీద తెల్లచీర. కోడలు నోరెత్తకుండా అంతా కడిగింది. ఆ పిల్ల ఒక్క మాటన్నా బాగుండేది. ఆ రోజు నుంచీ నేనే తగ్గించుకున్నా. లోపలికి పోకపోతే బయటికి రాదు గదా."

"గుంట పూడుస్తామంటే ఒప్పుకున్నావా?"

"పూడ్చమంది నేనేనే. రోజూ దాన్ని చూడలేక."

ఇంత దూరం ఎవరి మీద కోపంతో వచ్చానో వాళ్ళంతా ఒక్కసారిగా నా చేతుల్లోంచి జారిపోయారు. పథ్యం పెట్టి మర్చిపోయినవాడు ఉన్నాడు, కత్తెరతో బిళ్ళలు కత్తిరించేవాడు ఉన్నాడు, అడగకుండా వండిన కోడలు ఉంది. కానీ నోరు కట్టేసుకున్నది మా పిన్ని. కడుపు పాడైతే అది మందు తప్పని ఆవిడకి ఒక్కరూ చెప్పలేదు. తన తప్పనుకుని, సిగ్గుపడి, తనకి తనే శిక్ష వేసుకుంది. కోపం, ఏడుపు కలిసి వస్తే ముందు ముక్కు కారుతుంది. కొంగుతో తుడుచుకుని, "ఆ బిళ్ళల వల్ల అలా అవుతుందని గుంటూరులో మందులమ్మేవాడికి కూడా తెలుసు పిన్నీ. నీకు తెలియదంతే. నువ్వు చేసిందేమీ లేదు" అన్నాను.

"నిజంగానా?" అంది పిన్ని. ఆ ఒక్క మాట చిన్నపిల్లలా అడిగింది. అన్నాళ్ళ నుంచీ అదొక్కటీ ఎవరైనా చెబుతారేమోనని చూస్తున్నట్టు అడిగింది.

ఆటోలో కూర్చోబెట్టి ఊళ్ళో ఒక పెద్ద డాక్టరుకి చూపించాం. ఆయన పరీక్షలు చేయించి ఆ బిళ్ళలు మాన్పించాడు. పప్పు, గుడ్డు, పెరుగు కొంచెం కొంచెంగా పెంచమన్నాడు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజూ చేయించమన్నాడు. బర్రె కథ చెప్పి, పిన్ని కాళ్ళు పోయింది పేగుల్లో జీవులు చచ్చిపోవడం వల్లేనా అని అడిగాను. "అందులో పాతికవంతు వాటి వల్లో, సగం తిండి లేకో, మిగతాది మంచం వల్లో నేను విడదీసి చెప్పలేనమ్మా. ఎవరూ చెప్పలేరు. మూడూ సరిచెయ్యండి. పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు కూడా" అన్నాడు. తెలియదని చెప్పిన వైద్యుల్ని ఈ దారిలో ఈయనతో కలిపి ఇద్దర్ని చూశాను. ఇద్దరి మీదా నాకు కోపం రాలేదు.

పిన్ని మంచం పెరటి తలుపు పక్కకి మార్చాం, దొడ్డికి నాలుగడుగులు ఉండేటట్టు. కుమారి ఆ మధ్యాహ్నం వేరే గిన్నెలన్నీ అటక మీద పడేసి, అందరికీ ఒకే పప్పు వండింది. తాను ఏడుస్తూనే వడ్డించింది. పిన్ని రెండు ముద్దలు తిని ఆగి, మూడో ముద్ద తింది.

సోమవారం వచ్చింది. శేషు పార పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏం చెయ్యమంటావే అమ్మా?" అని అడిగాడు.

"ఒకసారి దింపి చూడండ్రా" అంది పిన్ని.

శేషూ నేనూ చెరో రెక్కా పట్టుకుని గుంట అంచున కూర్చోబెట్టాం. కాళ్ళు లోపలికి దింపింది. కుడి పాదం చెక్క మీద పెట్టి తొక్కింది. చెక్క కదల్లేదు. ఎడమ పాదం పెట్టింది. అదీ కదల్లేదు. పిన్ని నుదుట చెమట పట్టింది. నేను లేపుదామని వంగాను.

"చెక్క నన్ను మర్చిపోయిందే" అంది పిన్ని. మగ్గం మీది దుమ్ము కొంగుతో తుడిచింది. తర్వాత కొడుకు వంక చూసి, "ఇసక ఉండనీరా. గుంటలో పొయ్యబాక, గోడకి సిమెంటు పూతకి పనికొచ్చుద్ది" అంది.

తిరిగొచ్చాక

ఆ మర్నాడు నేను రైలెక్కాను. ఇక్కడికొచ్చాక మా వీధిలో ముసలివాళ్ళున్న ప్రతి ఇంటికీ వెళ్ళి ఏం పెడుతున్నారని అడుగుతున్నాను. చాలామంది నన్ను చూడగానే తలుపు దగ్గరికి వేస్తున్నారు. మా వైపు చోడి, అంటే రాగుల, అంబలి పులియబెట్టి తాగే అలవాటుంది, చద్దన్నంలో మజ్జిగ పోసుకునే అలవాటుంది. అవన్నీ పేదల తిండని మానిపించి పెద్దవాళ్ళకి బ్రెడ్డు ముక్కలు పెట్టే నాగరికత ఇక్కడికీ వచ్చేసింది. కాబట్టి గుంటూరు వాళ్ళని మాత్రమే తిట్టానని ఎవరూ సంతోషపడక్కర్లేదు.

మామిడికాయల కాలం అయిపోయి మళ్ళీ వానలు పడుతున్నప్పుడు శేషు ఫోన్ చేశాడు. వాళ్ళ ఆర్.ఎం.పి. డాక్టరు నిన్న ఇంటి ముందు నుంచి పోతూ లోపలికి తొంగి చూశాడట.

"చూసి ఏమన్నాడో తెలుసా అక్కా? నేనెక్కించిన బాటిళ్ళ బలం ఇప్పటికి ఒంటబట్టిందిరా శేషూ అన్నాడు."

నేను ఫోన్లో ఎంత గట్టిగా అరిచానంటే ఎదురింటావిడ కిటికీ తెరిచి చూసింది. ఉప్పు నీళ్ళు, మర్చిపోయిన పథ్యం, అయినవాళ్ళు ఎవరూ అడగని ఆకలి, అన్నీ కలిపి తిట్టాను. శేషు అవతల నవ్వుతూనే ఉన్నాడు.

"నీతో కాదు, ముందు పిన్నికి ఇవ్వు ఫోను. ఆవిడ వాణ్ణి ఊరికే వదిలేసిందా?" అన్నాను.

"ఇప్పుడు పలకదక్కా" అన్నాడు శేషు. "గుంటలో ఉంది."

అవతల నాడె చప్పుడు వినబడింది. ఆగి ఆగి, చాలా నెమ్మదిగా పడుతోంది. అంచు దగ్గరికి వచ్చేదాకా ఉంటానని చెప్పి ఫోను చెవికి అలాగే పెట్టుకుని కూర్చున్నాను.